కోయకుండ కాయను ఎంచుట: చక్కెర వ్యాధికి మార్కుల పట్టిక

(వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము), రంగారెడ్డి జిల్లా)

ఎల్బీ నగర్ చౌరస్తాకు కొద్ది దూరములో, కొత్తపేటయందు, 1986 నుండి చాలకాలము గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు నడచినది. మామిడి కాలములో తెల్లవారకముందే అక్కడ లారీలు బారులు తీరియుండెడివి. ఇప్పుడా మార్కెట్టు విజయవాడ రహదారిమీద బాటసింగారమునకు తరలిపోయినది. పాత స్థలములో పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిల్ నెలలో శంకుస్థాపన జరిగినది. ఆ మార్కెట్టుకు కాయ తోలిన రైతులందరికిని ఒక సంగతి తెలియును. కొనువాడు లారీలోని ప్రతి కాయను కోసి రుచి చూడడు. భుజములు నిండినవా, తొడిమవద్ద గుంట పడినదా, తొక్క ఎట్లున్నది, ఏ ప్రాంతపు తోట, కోసి ఎన్ని దినములైనది అను నాలుగైదు గుర్తులు చూచి లారీ మొత్తమునకు ధర చెప్పును. అనుమానము కలిగినచో ఒకటి రెండు కాయలు కోయించును. గుర్తులు చూచుట వేరు, కోసి చూచుట వేరు అని వానికి బాగుగా తెలియును. కోసి చూచిన పిమ్మట ఇక గుర్తులతో పనిలేదనియు తెలియును.

మనుష్యుల ఆరోగ్య విషయములోను నేడు ఇట్టి ఎంచుబడి వచ్చినది. ఊరిలోని వారందరికిని రక్తము తీసి పరీక్షించుటకు డబ్బు, మనుష్యులు, సమయము చాలవు. కాబట్టి వయస్సు, నడుము కొలత, చేయు పని, తలిదండ్రుల జబ్బు మొదలగు గుర్తులను అడిగి, ఒక్కొక్కదానికి ఇన్ని మార్కులని వేసి, మొత్తము ఒక హద్దు దాటినవారికి ముందుగా పరీక్ష చేయుదురు. ఈ మార్కులు ఎవరో ఊహించి వేసినవి కావు. ఎక్కువమందిని పరీక్షించి, జబ్బు ఉన్నవారిలోను లేనివారిలోను ఏ గుర్తు ఎంతగా కనబడినదో చూచి, గణాంక శాస్త్రము ప్రకారము కట్టిన లెక్క ఇది.

వ్యవసాయ పత్రికలో చక్కెర వ్యాధి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి సాయముతో జరిగిన దేశవ్యాప్త పరిశీలనలో వయోజనులలో నూటికి 11.4 మందికి ఈ వ్యాధి ఉన్నదనియు, మరి 15.3 మంది దాని గడపలో ఉన్నారనియు 2023లో ప్రకటించిరి. ఇక మన జిల్లా సంగతి మీరెరిగినదే. ఒకప్పుడు సరూర్‌నగర్ చెరువు చుట్టును పొలములుండెడివి. నేడు హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపున మొన్నటివరకు పార పట్టినవారు భూమిని ప్లాట్లకు అమ్మి, ఎల్బీ నగర్, కర్మన్‌ఘాట్, నాగోల్ ప్రాంతములలో ఇండ్లు కట్టుకొని, కిరాయిలమీద కాలము గడుపుచున్నారు. తిండి పాతదే, శ్రమ మాత్రము పోయినది. పొలములో ఉన్ననాడు లేని జబ్బు మేడ కట్టిన మూడేండ్లకు వచ్చినదని చెప్పువారు నాకు తరచుగా కనబడుచుందురు. ఆ జబ్బు మేడతో వచ్చినదో, పొలములో ఉన్నప్పుడే ఉండి తెలియలేదో చెప్పుట కష్టము. తెలియకుండ సంవత్సరముల తరబడి ఉండుటయే ఈ వ్యాధి స్వభావము. అంతవరకు అది కండ్లను, మూత్రపిండములను, కాళ్లలోని నరములను లోలోపల చెరచుచునే యుండును. కావుననే ఎవరిని ముందు పరీక్షించవలెనను ప్రశ్న వచ్చినది.

మీ మార్కులు మీరే వేసికొనుడు

మద్రాసు మధుమేహ పరిశోధన సంస్థకు చెందిన డాక్టరు వి. మోహన్, వారి సహచరులు చెన్నై నగర ప్రజలను పరీక్షించి 2005లో ప్రకటించిన పట్టికను ఇచట వివరించుచున్నాను. దీనికి యంత్రము అక్కరలేదు, దర్జీ టేపు ఒకటి చాలును. వ్యాధి ఉన్నదని ఇదివరకే తేలినవారికి ఈ పట్టికతో పనిలేదు.

మొదటిది వయస్సు. 35 ఏండ్లలోపు వారికి సున్న, 35 నుండి 49 వరకు 20, అయిదు పదులు నిండినచో 30 మార్కులు. రెండవది నడుము కొలత. పురుషులకు 90 సెంటిమీటర్లలోపు సున్న, 90 నుండి 99 వరకు 10, నూరు మొదలుకొని 20. స్త్రీలకు ఈ హద్దులు పదేసి సెంటిమీటర్లు తక్కువ, అనగా 80 లోపు సున్న, 80 నుండి 89 వరకు 10, 90 మొదలుకొని 20. మూడవది శ్రమ. క్రమముగా వ్యాయామము చేయుచు, దానికితోడు కష్టమైన పనియు చేయువారికి సున్న. రెంటిలో ఒకటియే ఉన్నవారికి 20. రెండును లేక కూర్చుండి కాలము గడపువారికి 30. నాలుగవది వంశము. తలిదండ్రులలో ఎవరికిని ఈ వ్యాధి లేనిచో సున్న, ఒకరికి ఉన్నచో 10, ఇరువురికి ఉన్నచో 20. అన్నియు కలిపినచో గరిష్ఠము నూరు. మొత్తము 60 గాని అంతకుమించి గాని వచ్చినవారిని ముందుగా పరీక్షించవలసినవారుగా ఎంచుదురు. 30 నుండి 50 వరకు మధ్యరకము, అంతకు తక్కువ స్వల్పము.

నడుము కొలుచుటలో పొరపాటు సులభముగా జరుగును. పంచె కట్టుచోట గాని, ప్యాంటు బెల్టు పెట్టుచోట గాని కొలువరాదు. బొజ్జ ఉన్నవారు బెల్టును బొజ్జ క్రిందికి దించి కట్టుదురు గనుక అక్కడ కొలత తక్కువ వచ్చును. చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును సరిగా నడుమ, ఊపిరిని మామూలుగా వదలి, టేపును బిగించకుండ కొలువవలెను. 90 సెంటిమీటర్లనగా సుమారు ముప్పదిఅయిదున్నర అంగుళములు, 80 అనగా ముప్పదిఒకటిన్నర.

ఒక లెక్క వేసి చూతము. 46 ఏండ్ల రైతు ఒకడున్నాడు. తల్లికి చక్కెర వ్యాధి ఉన్నది. నడుము 88 సెంటిమీటర్లు. పొలములో కష్టపడును గాని వేరుగా వ్యాయామమేమియు లేదు. వయస్సుకు 20, నడుముకు సున్న, శ్రమకు 20, వంశమునకు 10, మొత్తము 50. ఇతడే భూమి అమ్మి, ఎల్బీ నగర్‌లో దుకాణము పెట్టి గల్లా వద్ద కూర్చున్నాడనుకొనుడు. రెండేండ్లలో నడుము 96కు వచ్చినది. వయస్సుకు అదే 20, నడుముకు 10, కూర్చుండుటకు 30, తల్లికి 10, మొత్తము 70. వయస్సును, తల్లిని మార్చుట ఎవరి తరమును కాదు. మారినవి తక్కిన రెండే. వానిని తిరిగి మార్చవచ్చును గనుకనే ఈ పట్టిక మనకు ఉపయోగపడుచున్నది. అతడు దినమును విడువక గట్టిగా నడచుచు, నడుమును మరల 90 లోపునకు దించుకొన్నచో 50కి వచ్చును. అయితే మార్కులు తగ్గినంతమాత్రమున, అంతకుముందే వచ్చియున్న జబ్బు పోయినదని అర్థము కాదు. దానిని రక్తమే చెప్పవలెను.

డెబ్బది మార్కులనగా డెబ్బది శాతము కాదు

సరూర్‌నగర్ రైతు బజారులో కూరగాయలమ్ముటకు వచ్చినవారితో ఒకనాడు ఈ పట్టిక విషయము ముచ్చటించితిని. ఒక పెద్దమనిషి లెక్క వేయించుకొని దిగాలుపడి, ‘సారూ, డెబ్బై వచ్చినయ్. అంటే నాకు షుగరు ఉన్నట్టేనా? నూటికి డెబ్బై పాళ్లు ఉన్నట్టే గదా?’ అని అడిగెను.

‘లేదన్నా. డెబ్బై అంటే మీరు ముందు వరుసలో నిలబడాలె అని. ఉన్నదో లేదో రక్తం తీసినంకనే తెలుస్తది,’ అంటిని.

ప్రక్కన ఆకుకూరలమ్ము ఒక అమ్మ వెంటనే, ‘నాకు ఇరవయ్యే వచ్చింది. ఇగ నాకు పరీక్షతో పనే లేదు గద సారూ!’ అనెను. ఆమెకు రాత్రివేళ నాలుగైదు మారులు లేవవలసి వచ్చుచున్నదనియు, దాహము తీరదనియు మాటలలో బయటపడినది. ఆమెను ఆ వారములోనే పరీక్షకు పొమ్మని చెప్పితిని. అతిదాహము, అతిమూత్రము, కారణము లేకుండ చిక్కిపోవుట, మానని పుండు ఉన్నవారు మార్కులు చూడనే కూడదు. తెగులు ఆకుమీద కనబడుచుండగా వాతావరణ సూచన చూచి తెగులు వచ్చునా రాదా అని ఆలోచించు రైతు ఉండడు గదా!

ఆ పెద్దమనిషి పొరపాటును చదువుకొన్నవారును చేయుచున్నారు. కాబట్టి దీనిని కొంచెము నిదానముగా చూతము. పట్టికను తయారుచేసినవారే దాని బలమును, బలహీనతను లెక్కగట్టి ప్రకటించిరి. 60 హద్దుగా పెట్టినచో, తెలియకుండ వ్యాధి ఉన్నవారిలో నూటికి 72.5 మందిని ఇది పట్టుకొనును. వ్యాధి లేనివారిలో నూటికి 60.1 మందిని సరిగా విడిచిపెట్టును.

వేయిమంది పెద్దలున్న ఒక ఊరిని తీసికొనుడు. వారిలో నూరుమందికి తెలియకుండ వ్యాధి ఉన్నదనుకొందము. ఆ నూరుమందిలో సుమారు 72 మందికి 60 గాని అంతకు మించిగాని మార్కులు వచ్చును. 28 మంది తప్పిపోవుదురు. వ్యాధి లేని 900 మందిలో సుమారు 360 మందికి కూడ 60 దాటును. అనగా ముందు వరుసలో నిలిచినవారు 430 మందికి పైగా ఉందురు, వారిలో వ్యాధి ఉన్నవారు 72 మందే. నూటికి 17 మంది! తక్కిన 83 మంది ఊరక భయపడినవారగుదురు. రెండవ వరుసలో 570 మంది దాక ఉందురు. వారిలో నూటికి అయిదుగురికి వ్యాధి ఉండియు మార్కులు తక్కువ వచ్చినవి.

ఇంత తప్పు పట్టిక మనకెందుకని విసుగుకొనవలదు. వేయిమందికి రక్తపరీక్ష చేయవలసినచోట 430 మందికి చేసి, నూరుమంది రోగులలో 72 మందిని కనుగొంటిమి. ఒక టేపుతో, నాలుగు ప్రశ్నలతో ఇంత పని జరిగినది. పరీక్షలకు కావలసిన సరకు సగమునకే ఉన్న ఊరిలో ఇది చిన్న మేలు కాదు. అయితే ఇది ఊరికి వరుస కట్టు సాధనమే గాని, మీ యొక్కరి సంగతి తేల్చు సాధనము కాదు. విత్తనపు మొలక శాతమును తలచుకొనుడు. ధ్రువీకరణ పొందిన వరి విత్తనము నూటికి 80 అయినను మొలవవలెనని నియమమున్నది. సంచిలోని ఏ గింజమీదను ‘80’ అని వ్రాసియుండదు. ఒక్కొక్క గింజ మొలచును, లేదా మొలవదు. ఆ శాతము మడికి ఎన్ని కిలోలు చల్లవలెనో మీకు చెప్పును. చేతిలోని గింజ సంగతి తెలియవలెనన్నచో తడిగుడ్డలో వేసి చూడవలసినదే.

ఎవరిని చూచి కట్టిన లెక్క?

రైతులు నన్నడిగిన ఇంకొక ప్రశ్న న్యాయమైనది. ‘దినమంతయు పొలములో వంగి పనిచేయువానికిని 20 మార్కులేనా?’ అని. పట్టిక చెన్నై నగరవాసులను చూచి కట్టినది. అక్కడ కష్టమైన పని అన్నచో ఒక అర్థము, మన నాట్ల కాలపు పని అన్నచో మరియొక అర్థము. పైగా మన పని సంవత్సరమంతయు ఒకేరీతిగా ఉండదు. వానాకాలములో నడుము విరుగును, వేసవిలో అరుగుమీద కూర్చుందుము. కోస్తా జిల్లాకు వ్రాసిన నాట్ల తేదీలను తెచ్చి యాచారంలో అమలుచేయలేనట్లే, ఒకచోటి జనులనుండి పుట్టిన లెక్కను మరియొకచోట వాడుటకు ముందు అక్కడ సరిపోవునా అని పరీక్షించవలెను. దేశములో ఇతర ప్రాంతములవారు ఈ పట్టికను అట్లు పరీక్షించి చూచుచునే ఉన్నారు. నా మట్టుకు, వేసవిలో పనిలేని రైతు తన మార్కులను వేసవి లెక్కలోనే వేసికొనుట మంచిదని తోచుచున్నది.

పట్టికలో లేని సంగతులును ఉన్నవి. ఇందుకు నిదర్శనము మన జిల్లాలోనే దొరకినది. జాతీయ పోషకాహార సంస్థవారు 1987–90 నడుమ హైదరాబాదు సమీపమున, అప్పటి రంగారెడ్డి జిల్లాకు చెందిన 29 గ్రామములలో ఒక పరిశీలన జరిపిరి. కొన్ని గ్రామములలో గర్భిణులకు, చిన్న బిడ్డలకు అదనపు ఆహారము అందినది, మిగిలినవానిలో అందలేదు. ఆ బిడ్డలు 13–18 ఏండ్లవారైన తర్వాత మరల కొలిచి చూడగా, ఆహారమందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగిరి. రక్తములోని చక్కెరను అదుపుచేయు ఇన్సులిను వారి శరీరములో మెరుగుగా పనిచేయుచున్నట్లును తేలినది. తల్లి కడుపులో ఉన్ననాటి తిండి ఏ పట్టికలోను ప్రశ్నగా లేదు, అయినను శరీరము దానిని మరువలేదు.

ఈ లెక్కల పుట్టుక పొలములోనే జరిగినదన్న సంగతి వ్యవసాయ శాఖవారమైన మాకు కొంత గర్వకారణము. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో 1919లో చేరిన ఆర్. ఎ. ఫిషర్, ఎరువుల మళ్లను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా పంచి పోల్చు పద్ధతిని నెలకొల్పెను. నేడు క్రొత్త మందును పరీక్షించువారు రోగులను పంచు పద్ధతియు అదియే. పువ్వుల రేకులను కొలిచి, ఆ కొలతలన్నిటిని ఒక్క సంఖ్యగా కలిపి, పువ్వు ఏ జాతిదో చెప్పు ఉపాయమును ఆయనయే 1936లో ప్రకటించెను. రెండు జాతులకే కాక అనేక వర్గములకు అది వర్తించునట్లు 1948లో విస్తరించినవారు మన తెలుగువారైన సి. ఆర్. రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన ఆయనకు 2023లో, నూట రెండేండ్ల వయస్సున, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించినది. ఆ యేడే ఆయన మరణించిరి.

ఆ ఉపాయమునే అమెరికాలో మనుష్యులకు ప్రయోగించిరి. ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణములో 1948 మొదలుకొని 5,209 మందిని ఏండ్ల తరబడి పరీక్షించుచు, ఎవరికి గుండెజబ్బు వచ్చినదో వ్రాసి పెట్టుకొనిరి. వయస్సు, రక్తపు పోటు, పొగ త్రాగుట, రక్తములోని కొవ్వు మొదలగు గుర్తులను కలిపి ఒక్క సంఖ్యగా చేసిన లెక్క 1967లో వెలువడినది. పువ్వు జాతిని తెలుపు గణితము గుండెకు పోయినదన్నమాట.

గుండెకు రంగుల పట్టిక

చక్కెర పట్టిక ఇప్పుడు ఉన్న జబ్బును వెదకును. గుండె పట్టిక అట్లు గాక, రాబోవు పదేండ్లలో గుండెపోటు గాని పక్షవాతము గాని వచ్చు అవకాశము నూటికెంత అని చెప్పును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ప్రపంచమును 21 ప్రాంతములుగా విభజించి, మన దక్షిణాసియాకు వేరుగా పట్టికలను సవరించి ఇచ్చిరి. రక్తపరీక్ష లేకుండనే, స్త్రీయా పురుషుడా, వయస్సు, పొగాకు, పైరక్తపు పోటు, ఎత్తుకు తగిన బరువు అను అయిదింటితో చూచుకొను పట్టికయు అందులో ఉన్నది. నూటికి 5 లోపు ఆకుపచ్చ, 10 లోపు పసుపు, 20 లోపు నారింజ, 30 లోపు ఎరుపు, అంతకు మించినచో ముదురెరుపు. ఇది 40 నుండి 74 ఏండ్లవారికే. ఒకసారి గుండెపోటు వచ్చినవారు దీనిని చూడవలదు, వారు ఎక్కువ ప్రమాదములో ఉన్నట్లే లెక్క.

ఇచట ఒక్క సంగతి రైతులకు పట్టణవాసులకంటె సులభముగా అర్థమగును. వరిలో కాండము తొలుచు పురుగు కనబడగానే మందు కొట్టుడని మేము చెప్పము. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయము గాని, నూటికి 5 చచ్చిన మొవ్వులు గాని కనబడిననే కొట్టుడని చెప్పుదుము. అంతకు తక్కువైనచో మందు ఖర్చు, మిత్రపురుగుల నాశనము కలిసి లాభమును మించును. వైద్యుడును ఇట్లే చూచును. ఒక మందు ప్రమాదమును నాలుగవవంతు తగ్గించుననుకొనుడు. నూటికి 24 మందికి గుండెపోటు రావలసిన గుంపులో దానిని ఇచ్చినచో ఆరుగురు తప్పించుకొందురు. నూటికి నలుగురికే రావలసిన గుంపులో ఇచ్చినచో ఒక్కడే తప్పించుకొనును, తక్కిన 99 మంది పదేండ్లు మాత్రలు మ్రింగినందుకు వారికి ఒరిగినదేమియు లేదు. రెండుచోట్లను ‘నాలుగవవంతు తగ్గింపు’ అని ప్రకటన వేయవచ్చును! మందుల సీసామీద గాని, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ రోడ్లమీద వ్రేలాడు పరీక్షల ప్యాకేజీ బోర్డులమీద గాని శాతము కనబడినచో, ‘నూటికి ఎందరినుండి ఎందరికి?’ అని అడుగుడు. మీ రంగు ఏది, మీకు మందు ఎందుకు వ్రాసినారు, వ్రాయక పోయినచో ఏమగును అని వైద్యుని అడుగుటలో మర్యాదకు లోపము లేదు. రక్తపు పోటు గాని చక్కెర గాని స్వయముగా హద్దు మించియున్నచో రంగు ఏదైనను చికిత్స కావలెను. పట్టిక పచ్చగా ఉన్నదని మానరాదు.

పట్టిక చేతికి వచ్చినంతనే పని జరుగదని మన తెలుగు నేలమీదనే తేలినది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు చేతి కంప్యూటరులిచ్చి, 40 ఏండ్లు దాటినవారికి ఇట్టి గుండె లెక్క వేయించిరి. ప్రమాదము ఎక్కువ ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపిరి. 2019లో ఫలితములు ప్రకటించిరి. ఆశా కార్యకర్తలు పనిని చక్కగా చేసిరి, జనులు వైద్యుని చూచుటయు పెరిగినది. కాని రక్తపు పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. భూసార పరీక్ష కార్డును పెట్టెలో దాచుకొన్న పొలములో దిగుబడి పెరుగదు గదా! మందు దొరకుట, దానిని నెలనెలా విడువక వాడుట, మరల వచ్చి పోటు చూపించుకొనుట అను మూడును వెంట జరుగవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదమును గ్రామాధికారులు గమనించవలెను. అమెరికాలో ఆసుపత్రులు వాడుచుండిన ఒక కంప్యూటరు లెక్క, ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో ఎంచుటకు, వారిమీద ఎంత వైద్యఖర్చు అయినదను దానిని గుర్తుగా తీసికొనెను. నల్లజాతివారిమీద ఖర్చు తక్కువ జరుగుచుండుటచే, అంతే జబ్బు ఉన్నను వారిని ఆరోగ్యవంతులుగా ఎంచినది. ఈ లోపమును సవరించినచో అదనపు సాయమునకు అర్హులైన వారిలో నల్లజాతివారి భాగము నూటికి 17.7 నుండి 46.5కు పెరుగునని 2019లో పరిశోధకులు చూపిరి. లెక్కలో తప్పులేదు, లెక్కకు ఇచ్చిన గుర్తు తప్పు. మన ఊరిలో ఈ స్థానమున ఉన్నది కూలికి పోవు స్త్రీ. ఆమె పోటు ఎవరును ఎన్నడును కొలువలేదు గనుక రిజిస్టరులో ఆమెకు జబ్బు లేదు. పరీక్షల శిబిరము పగలు పదిగంటలకు పెట్టినచో ఆమె రాదు, మరల జబ్బు లేనివారి లెక్కలోనే ఉండిపోవును. రైతు వేదికలో శిబిరము ఏర్పాటుచేయు పంచాయతి కార్యదర్శులు, విస్తరణాధికారులు వేళను ఉదయము ఆరింటికి గాని, కలుపు పనులు లేని దినమునకు గాని మార్చినచో, ఖర్చు ఏమియు లేకుండ లెక్క సగము సరిపడును. ‘తలిదండ్రులకు చక్కెర వ్యాధి ఉన్నదా?’ అను ప్రశ్నకు కూడ ఇట్టి చిక్కే కలదు. పరీక్ష చేయించుకొనకనే గతించిన తండ్రికి ‘లేదు’ అని వ్రాయుదురు. అట్టిచోట ‘తెలియదు’ అని వ్రాయించి, వారిని పరీక్షకు పిలుచుటయే మేలు.

గ్రామములలో ఆశా కార్యకర్తలు ముప్పది ఏండ్లు దాటినవారి వద్దకు వచ్చి నింపు పత్రము కూడ ఇట్టి మార్కుల పట్టికయే. దాని ప్రశ్నలు, మార్కులు వేరు. అందులో మొత్తము నాలుగు దాటినవారిని ముందుగా పిలుతురు, కాని ముప్పది దాటిన వారందరికిని పోటు, చక్కెర చూడవలెననునదే నియమము. ఆమె వచ్చినప్పుడు పొగాకు, మద్యము సంగతి ఇంటివారి ఎదుట అడుగకుండ ప్రక్కకు పిలిచి అడుగుటకు వీలు కల్పింపుడు. ఎల్బీ నగర్ ప్రాంతమునకు మారిపోయినవారు ఊరి ఉపకేంద్రము కొరకు వెనుకకు పోనక్కరలేదు. దగ్గరి బస్తీ దవాఖానాలో గాని, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గాని పరీక్ష ఉచితము, మందును ఉచితము. వ్రేలినుండి తీసిన రక్తబొట్టు పరీక్ష తొలిచూపునకే. దానిలో ఎక్కువ కనబడినచో చేతి నరమునుండి తీసిన రక్తముతో నిర్ధారణ చేయించుకొనవలెను. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉండి, మరియొక దినమున చూచినను అట్లే ఉన్నచో వ్యాధి ఉన్నట్లు తేలును.

పరగడుపు అనగా ముందటి రాత్రి భోజనమునుండి కనీసము ఎనిమిది గంటలు మంచినీరు తప్ప మరేమియు పుచ్చుకొనకుండుట. దారిలో ఒక కప్పు టీ త్రాగి వచ్చి, టీయే గదా అనువారు శిబిరములలో ఎక్కువగా కనబడుచున్నారు. అట్టివారి పేరు వ్రాసికొని, మరునాటి ఉదయము రమ్మని చెప్పవలెను.